రెండో ఆర్డరు ఎప్పుడొస్తుంది?

మాది సూళ్లూరుపేట పక్కన చిన్న ఊరు. పులికాట్ సరస్సుకు ఇవతల మేము, అవతల శ్రీహరికోట. 1980 జూలై 18న పొద్దున ఎనిమిది దాటాక మా మిద్దె మీద నిలబడి చూసింది ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. తూర్పు దిక్కున నిప్పుముద్ద ఒకటి చడీచప్పుడు లేకుండా పైకి లేచింది. అది బాగా ఎత్తుకు పోయాక, ఇంచుమించు ఒక నిమిషానికి, మోత మా ఊరు చేరింది. కిటికీ రెక్కలు అదిరాయి. వసారాలో కట్టేసిన బర్రె తాడు తెంపుకోబోయింది. "వెలుగు ముందొస్తుంది, చప్పుడు వెనకాల వస్తుందిరా" అన్నారు మా నాన్న. అది ఎస్‌ఎల్‌వీ-3. 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన మన మొదటి రాకెట్టు. దానికి ముందటి ఏడాది ఆగస్టులో అదే రాకెట్టు సముద్రంలో పడిపోయింది. పడిపోయినా రెండోది కట్టడానికి డబ్బు ఆగలేదు, మనుషులను తీసేయలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

42 ఏళ్ల తర్వాత, 2022 నవంబరు 18న, అదే మిద్దె మీద మళ్లీ నిలబడ్డాను. ఈసారి ఎగిరింది 6 మీటర్ల రాకెట్టు. బరువు 545 కిలోలు. అంత చిన్నదానికి కిటికీలు అదరవు. 89 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తుకు వెళ్లి, బంగాళాఖాతంలో దిగిపోయింది. ఏ ఉపగ్రహాన్నీ కక్ష్యలో పెట్టలేదు, పెట్టాలని కట్టిందీ కాదు. అయినా నా మనసు 1980లో లాగే కొట్టుకుంది. ఎందుకంటే శ్రీహరికోట నుంచి ఒక ప్రైవేటు కంపెనీ రాకెట్టు లేవడం అదే మొదలు. దాని పేరు విక్రమ్-ఎస్. కట్టింది హైదరాబాద్‌లోని స్కైరూట్ కంపెనీ. ఇస్రోలో పనిచేసిన ఇద్దరు తెలుగు యువకులు, పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా, 2018లో ఆ ఉద్యోగాలు వదులుకుని దాన్ని పెట్టారు. ఆ రాకెట్టు మోసుకెళ్లిన మూడు పేలోడ్లలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్ స్పేస్‌టెక్ వాళ్లది.

ఆ పూట నుంచి నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ఇలాంటి కంపెనీలు నిలవాలంటే ఏం కావాలి? ప్రోత్సాహం అంటాం. ఆ మాటకు సభల్లో దుశ్శాలువా అని అర్థం, బడ్జెట్ ప్రసంగంలో ఒక పేరా అని అర్థం. నా దృష్టిలో ఈ రంగానికి అసలైన ప్రోత్సాహం ఒక్కటే. చేతికొచ్చే ఆర్డరు. ఒకటి కాదు, వెనకాల ఇంకోటి కూడా వస్తుందన్న భరోసాతో వచ్చే ఆర్డరు. ఈ రోజు మీతో చెప్పదలచుకున్నది అదే.

హైదరాబాద్ బాలానగర్ మీలో చాలామందికి తెలుసు. ఫ్లైఓవర్ కింద నుంచి ఏ సందులోకి తిరిగినా లేత్ మిషన్ల చప్పుడే. కటింగ్ ఆయిల్ వాసన. గుమ్మం ముందు చుట్టలు చుట్టలుగా ఇనుప తురుము. ఇస్రోకూ, రక్షణ సంస్థలకూ కావలసిన భాగాలు ఎన్నో ఏళ్లుగా ఈ చుట్టుపక్కల తయారవుతున్నాయి. 1970లో మొదలైన ఎంటార్ ఇక్కడిదే. పీఎస్‌ఎల్‌వీ, జీఎస్‌ఎల్‌వీలలో మండే వికాస్ ఇంజన్లు దాని చేతుల మీదుగా పోయాయి. 1992లో పెట్టిన అనంత్ టెక్నాలజీస్, మైక్రోవేవ్ పరికరాలు చేసే ఆస్ట్రా కూడా మన హైదరాబాద్‌వే. అంతరిక్షంలో ప్రైవేటు అనగానే నిన్నగాక మొన్న పుట్టిందన్నట్టు మాట్లాడుతుంటాం. అది సరికాదు. సతీష్ ధావన్ ఇస్రో అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లోనే పనిని బయటి పరిశ్రమలకు అప్పగించడం మొదలైంది. ఇవాళ దేశంలో వందల కంపెనీలు ఇస్రోకు సరఫరా చేస్తున్నాయి.

మరి 2020లో ప్రైవేటుకు తలుపు తెరిచారంటే, మారిందేమిటి? బాలానగర్‌లో నాకు ఒక స్నేహితుడున్నాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. ముప్పై ఏళ్లుగా పదిమందిని పెట్టుకుని జాబ్ వర్క్ చేస్తున్నాడు. ఆయన ఒకసారి బల్ల మీద ఒక డ్రాయింగ్ పరిచి, వివరాలు కనిపించకుండా పైన చెయ్యి పెట్టి, కుడివైపు కింది మూల మాత్రం చూపించాడు. డ్రాయింగ్ ఎవరిదో రాసుండే గడి అది. "ఇగో, ఈ మూలల ఎవని పేరుంటదో వస్తువు వానిది. మనది చెయ్యి మాత్రమే" అన్నాడు. నాకు అంతా అర్థమైంది. యాభై ఏళ్లుగా మన ప్రైవేటు పరిశ్రమ ఇస్రో డ్రాయింగ్ ప్రకారం ముక్కలు చేసి ఇచ్చింది. మైక్రాన్ తేడా రాకుండా చేసింది, అందులో ఏ లోటూ లేదు. కానీ ఆ మూల గడిలో తన పేరు రాసుకునే హక్కు దానికి లేకపోయింది. సొంత రాకెట్టు గీసుకుని, సొంతంగా కట్టి, సొంత పూచీ మీద ఎగరేయడానికి దారి 2020 జూన్‌లో తెరుచుకుంది. అనుమతులు ఇవ్వడానికి ఇన్‌-స్పేస్ అనే సంస్థ ఏర్పడింది. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. 2024 ఫిబ్రవరిలో విదేశీ పెట్టుబడి నిబంధనలు సడలించారు. ముందస్తు అనుమతి అక్కర్లేకుండా విడిభాగాల తయారీలో నూటికి నూరు శాతం, ఉపగ్రహాల తయారీలో 74 శాతం, రాకెట్లలో, ప్రయోగ కేంద్రాల్లో 49 శాతం దాకా పెట్టొచ్చన్నారు.

తలుపు తెరిచారు, మంచిదే. అయితే తలుపు తెరవడం వేరు, లోపలికి వచ్చినవాడికి పని చూపించడం వేరు. ఈ తేడా అమెరికా కథలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. దాన్ని కొంచెం తీరిగ్గా చెప్పుకుందాం.

2006లో నాసాకు ఒక అవసరం పడింది. అంతరిక్ష కేంద్రానికి సరుకులు చేరవేసే స్పేస్ షటిల్‌ను కొద్ది ఏళ్లలో ఆపేయాలి. తర్వాత సరుకులు ఎవరు మోస్తారు? నాసా ఎప్పటిలా తానే డిజైన్ చేసి, ఒక పెద్ద కంపెనీ చేత కట్టించి, అయిన ఖర్చంతా కట్టి, దాని మీద లాభం కూడా ఇవ్వొచ్చు. అలా చేయలేదు. రెండు చిన్న కంపెనీలను ఎంచుకుంది. ఒకటి స్పేస్‌ఎక్స్, రెండోది రాకెట్‌ప్లేన్ కిస్లర్. ఎలా కడతారో మీ ఇష్టం, డిజైన్ మీది, సొంత డబ్బు కూడా పెట్టండి, మేము మెట్టు మెట్టుకూ ఇంత అని ఇస్తాం అంది.

మన ఊళ్లలో సర్కారు ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా చెప్పక్కర్లేదు. పునాది లేస్తే ఒక బిల్లు, లెంటల్ దాకా వస్తే ఇంకో బిల్లు, స్లాబ్ పడితే మరోటి. గోడ లేవనిదే డబ్బు లేదు. గోడ లేచాక ఇవ్వనని సర్కారు అనకూడదు. నాసా చేసింది అచ్చం అదే. అనుకున్న గడువుకు కిస్లర్ బయటి నుంచి పెట్టుబడి తేలేకపోయింది. 20 కోట్ల డాలర్ల పైచిలుకు మాట అనుకుంటే, అప్పటికి అందింది 3 కోట్ల డాలర్ల పైన. 2007లో నాసా ఆ ఒప్పందాన్ని రద్దు చేసి, మిగిలిన డబ్బుతో 2008లో ఆర్బిటల్ అనే ఇంకో కంపెనీని తెచ్చుకుంది. పాత కంపెనీని కాపాడాలని మరింత సొమ్ము పోయలేదు. ఒకడు పడిపోయాడని పథకాన్నీ ఎత్తేయలేదు.

అదే కాలంలో స్పేస్‌ఎక్స్ తన చిన్న రాకెట్టు ఫాల్కన్-1ను ఎగరేస్తూ పోయింది. 2006లో పోయింది. 2007లో పోయింది. 2008 ఆగస్టులో మూడోదీ పోయింది. నాలుగోది 2008 సెప్టెంబరు 28న కక్ష్య చేరింది. ఆ డిసెంబరులోనే 12 సార్లు సరుకు మోయడానికి 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు నాసా దాని చేతిలో పెట్టింది. ఫాల్కన్-9 రాకెట్టు అప్పటికి ఒక్కసారి కూడా నేల విడవలేదు! పెట్టుబడిదారు ధైర్యం చేసేది ఇలాంటి కాగితం చూశాకే. బ్యాంకు మేనేజరు తల ఎత్తి చూసేది ఇలాంటి కాగితం మీద సంతకం చూసే. 2012 మేలో డ్రాగన్ నౌక అంతరిక్ష కేంద్రాన్ని చేరింది. 2013లో ఆర్బిటల్ నౌకా వెళ్లింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ రాకెట్లు ఎగరేస్తున్నది ఆ స్పేస్‌ఎక్సే. అదంతా ఒక్క మనిషి మొండి పట్టుదల అనుకుంటే సగమే తెలుసుకున్నట్టు. ముందుగా కొంటానని నిలబడ్డ ప్రభుత్వం మిగతా సగం.

ఇక మన దగ్గరికి వద్దాం. పెట్టుబడి అసలే లేదని చెప్పలేం. 2022లో స్కైరూట్‌కు 5.1 కోట్ల డాలర్లు వచ్చాయి. తర్వాతి ఏడాది ఇంకో 2.75 కోట్లు. మొదటిదాంట్లో ముందున్నది జీఐసీ. రెండోదాంట్లో టెమాసెక్. రెండూ సింగపూర్ ప్రభుత్వానివే. విన్నప్పుడు సంతోషం వేసింది. కాసేపటికి మనసులో ఏదో గుచ్చుకుంది కూడా. మన పిల్లల చేతి నైపుణ్యాన్ని నమ్మి అంత దూరాన ఉన్న చిన్న దేశం తన సొమ్ము పెట్టింది. మన పెన్షన్ నిధులు, మన బీమా నిధులు, మన పెద్ద వ్యాపార కుటుంబాలు ఆ పని ముందుగా ఎందుకు చేయలేకపోయాయి? స్థలం మీద, బంగారం మీద పెట్టే అలవాటు మనది. పది పన్నెండేళ్ల తర్వాత ఫలమిచ్చే తోట వేయడానికి మన డబ్బుకు ఇంకా ఓపిక రాలేదు. కేంద్రం 2024 అక్టోబరులో 1,000 కోట్ల రూపాయల వెంచర్ నిధికి ఆమోదం ఇచ్చింది. ఒక్కో కంపెనీకి 10 నుంచి 60 కోట్ల దాకా పెట్టే ఆలోచన. ఇది మంచి అడుగు. రాకెట్టు కట్టడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే మాత్రం చిన్న అడుగే.

నిధి కంటే పెద్ద అడ్డంకి మన కొనుగోలు పద్ధతిలో ఉంది. సర్కారు టెండర్లు వేసేవాళ్లందరికీ ఎల్-వన్ అన్న మాట తెలుసు. అందరిలోకీ తక్కువ ధర కోట్ చేసినవాడు ఎల్-వన్, పని వాడిదే. సిమెంటు బస్తాకూ, ఆఫీసు కుర్చీకీ ఆ పద్ధతి సరిపోతుంది. ఇంతవరకు ఎవరూ చేయని ఇంజన్‌కు సరిపోదు. గత మూడేళ్ల టర్నోవరు చూపించు, ఇంతకు ముందు ఇలాంటి పని చేసినట్టు సర్టిఫికెట్ తే, బ్యాంకు గ్యారంటీ పెట్టు అంటే, మొన్న పుట్టిన కంపెనీ ఎక్కణ్ణుంచి తెస్తుంది? బాలానగర్ అన్న ఒకసారి ఒక పెద్ద కార్యాలయానికి భాగాలు చేసి ఇచ్చాడు. నాణ్యత పరీక్షలో ఒక్కటీ వెనక్కి రాలేదు. బిల్లు మాత్రం పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ కార్మికుల జీతాలకు వదిన నగలు కుదువలో ఉన్నాయి. చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. వర్కింగ్ క్యాపిటల్ అని మనం పుస్తకాల్లో చదివేది అక్కడ ఒక ఇంటి ఇనప్పెట్టెలోంచి వస్తుంది. చేసిన పనికి నలభై ఐదు రోజుల్లో డబ్బు చేతిలో పడితే, అది ఏ రాయితీకీ తీసిపోని సాయం.

రెండో అడ్డంకి చట్టం లేకపోవడం. అంతరిక్షం విషయంలో ప్రపంచ దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందం 1967 నాటిది. ఒక ప్రైవేటు కంపెనీ పైన ఏం చేసినా దానికి ఆ దేశ ప్రభుత్వమే జవాబుదారీ అని అందులో ఉంది. 1972 నాటి ఇంకో ఒప్పందం ప్రకారం మన గడ్డ మీద నుంచి లేచిన రాకెట్టు ముక్క పరాయి దేశంలో ఎవరి ఇంటి మీదో పడితే నష్టపరిహారం భారత ప్రభుత్వం కట్టాలి. ఆ తర్వాత ప్రభుత్వం కంపెనీ దగ్గర ఎంత వసూలు చేసుకుంటుంది? బీమా ఎంతవరకు చేయించుకోవాలి? దానికి మించిన నష్టం ఎవరిది? అమెరికాలో 1988 నుంచే దీనికి లెక్క ఉంది. ఒక హద్దు వరకు కంపెనీ బీమా, ఆ పైన ఇంకో హద్దు వరకు సర్కారు పూచీ. మన దగ్గర 2017లో ఒక ముసాయిదా బిల్లు బయటికి వచ్చింది, చట్టంగా మారలేదు. ఇన్‌-స్పేస్ కూడా పార్లమెంటు చట్టంతో పుట్టిన సంస్థ కాదు. విధానాన్ని ఒక ఉత్తర్వుతో మార్చొచ్చు, చట్టాన్ని అలా మార్చలేరు. పదేళ్ల ముందుచూపుతో డబ్బు పెట్టేవాడు వెతికేది ఈ స్థిరత్వాన్నే. ఇస్రో వాణిజ్య సంస్థతో దేవాస్ అనే ప్రైవేటు కంపెనీ ఒప్పందం 2005లో కుదిరి, 2011లో రద్దై, ఏళ్ల తరబడి దేశదేశాల కోర్టుల్లో నలిగింది. అందులో మోసం జరిగిందన్న నిర్ధారణను 2022లో మన సుప్రీంకోర్టే బలపరిచింది. తప్పు ఎవరిదైనా, స్పష్టమైన నియమాలూ పారదర్శకమైన పద్ధతీ లేనిచోట ఎంత చెరుపు జరుగుతుందో అది చూపించింది.

శ్రోతలలో కొందరికి ఒక సందేహం రావచ్చు. రైతుకు గిట్టుబాటు ధర లేదు, బడికి పైకప్పు లేదు, ప్రైవేటు రాకెట్లకు ప్రభుత్వం ఆర్డర్లివ్వడం ఏమిటి అని. న్యాయమైన ప్రశ్న. జవాబుగా ఒక వరదను గుర్తుచేస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఇళ్లలో మొదటి అంతస్తు దాకా నీళ్లు. రోజుల తరబడి జనం పాల ప్యాకెట్టు కోసం మిద్దెల మీద ఎదురుచూశారు. అలాంటి వేళ ఆకాశమంతా మబ్బే. మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి కింద ఏమీ కనబడదు. రాడార్ ఉపగ్రహానికి మబ్బు అడ్డు కాదు, రాత్రి అడ్డు కాదు. నీళ్లు ఏ వీధి దాకా వచ్చాయో గీసి చూపిస్తుంది. అయితే ఒకటీ రెండూ ఉంటే అవి ఎప్పుడో ఒకసారి మన మీదుగా పోతాయి. రోజుకు నాలుగుసార్లు చూడాలంటే గుంపుగా కావాలి. ఆ గుంపును ఇస్రో ఒక్కటే కట్టలేదు, కట్టాల్సిన అవసరమూ లేదు. చంద్రుడి మీదికి పోవడానికి, మనుషులను పంపడానికి దాని చేతులు ఖాళీగా ఉండాలి.

2025లో ఒక మంచి పరిణామం జరిగింది. భూమిని పరిశీలించే 12 ఉపగ్రహాల సమూహాన్ని కట్టే పని నాలుగు కంపెనీల జట్టుకు దక్కింది. ముందున్నది బెంగళూరు పిక్సెల్. తోడుగా పియర్‌సైట్, శాట్‌ష్యూర్, మన హైదరాబాద్ ధ్రువ స్పేస్. ధ్రువ 2012లో మొదలై, పదేళ్లు ఓపిక పట్టి, 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ మీద తన మొదటి రెండు చిన్న ఉపగ్రహాలను పంపిన కంపెనీ. ప్రభుత్వం సాయం చేస్తానన్నా, ఈ జట్టు ఒక్క రూపాయీ అక్కర్లేదని బిడ్ వేసింది. 1,200 కోట్లకు పైగా తామే పెడతామంది. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అయితే వాళ్లు పెట్టినదంతా తిరిగి రావాల్సింది ఫొటోలు అమ్మి. కొనేదెవరు? పంట నష్టం లెక్కగట్టే వ్యవసాయ శాఖ. చెరువులో మట్టి తోలకాలు చూసే నీటిపారుదల శాఖ. పంట బీమా కంపెనీ. మడ అడవులను కాపాడే అటవీ శాఖ. అందుకే మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపం ఒకటుంది. తెలంగాణ 2022లోనే అంతరిక్ష రంగానికి ఒక విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో తన విధానం తెచ్చి, లేపాక్షి దగ్గర, తిరుపతి దగ్గర స్పేస్ సిటీలు అంటోంది. భూమి ఇవ్వండి, రాయితీ ఇవ్వండి, వద్దనను. వాటికంటే ముందు ఐదేళ్లపాటు ఫలానా చిత్రాలు ఫలానా ధరకు కొంటామని ఒక ఒప్పందం రాసివ్వండి. గుంటూరు మిరప చేనుకు తెగులు ఎక్కడ మొదలైందో ముందుగా తెలిస్తే రైతుకు ఎంత మిగులుతుందో లెక్కేసి చూడండి. ఆ ఒప్పందం ఖర్చు అందులో ఎన్నో వంతో మీకే తెలుస్తుంది.

నాసా మూడు వైఫల్యాలు చూశాక కూడా కాంట్రాక్టు ఇచ్చిందన్నాను. మొదట్లో మా ఊరి మిద్దె మీద నుంచి చూసిన ఎస్‌ఎల్‌వీ కథా అంతే. 1979లో పడింది కాబట్టి 1980లో లేచింది. చెన్నై కంపెనీ అగ్నికుల్ తన రాకెట్టును నాలుగుసార్లు ఆపుకుని, 2024 మే 30న ఎగరేసింది. ఇంజన్‌ను త్రీడీ ప్రింటింగ్‌లో ఒకే ముక్కగా ముద్రించి మరీ. రేపు ఈ కంపెనీలలో ఏదో ఒకదాని రాకెట్టు కక్ష్యకు పోతూ పోతూ సముద్రంలో పడుతుంది. తప్పదు. ఆ రోజు టీవీల్లో మనం ఏమంటామన్నదే నా భయం. ఇస్రో పడితే కన్నీళ్లు తుడిచిన వాళ్లం, ప్రైవేటువాళ్లు పడితే డబ్బు తగలేశారని తిట్టకూడదు.

మా సూళ్లూరుపేట గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం రాకముందు యానాదులు బతికారు. అడవిలో తేనె తీసి, వంటచెరకు కొట్టి, పులికాట్‌లో చేపలు పట్టి. కేంద్రం కోసం ఆ నేల విడిచి వచ్చారు. ఈ కొత్త కంపెనీలు అక్కడ లాంచ్‌ప్యాడ్లు కడుతున్నాయి, సామాను తెస్తున్నాయి, వెల్డర్లు, ఫిట్టర్లు కావాలంటున్నాయి. ఆ కుటుంబాల మూడో తరం పిల్లలు గేటు బయట టీ అంగట్లో పనిచేయడం కాక, లోపల టార్క్ రెంచి పట్టుకోవాలి. అనుమతి ఇచ్చేటప్పుడే స్థానిక ఐటీఐలో శిక్షణ ఇప్పించాలన్న షరతు ఒకటి పెడితే చాలు.

పోయిన నెల బాలానగర్ వెళ్లాను. అన్న షాపులో పని నడుస్తోంది. స్టార్టప్ కంపెనీ ఒకటి టైటానియం ముక్క చేయించుకుందట. డ్రాయింగ్ మూల గడిలో హైదరాబాద్ పిల్లల పేరు ఉందని ఎంతో మురిపెంగా చెప్పాడు. డబ్బు పన్నెండు రోజుల్లో వచ్చిందన్నాడు. ముక్క బాగుందా అన్నా అని అడిగాను.

"బాగుందనే అన్నరు. టెస్టుల పాసైంది. కొత్త మిషన్ కొందామని బ్యాంకుకు పోయిన. ఒక్క ఆర్డర్ మీద లోన్ ఇయ్యరంట. రెండో ఆర్డర్ చూపెట్టుమన్నరు" అని, లేత్ ఆపి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నన్నడిగాడు. "నువ్వు రేడియోల మాట్లాడుతవ్ గద. రెండో ఆర్డర్ ఎప్పుడొస్తదో నీకేమన్న తెలుసా?"